అరవై గంటల్లో మిగిలిన 99 సెకన్లు

2019 జనవరి. ఉత్తర ఇంగ్లండ్‌లో, పెన్నైన్ కొండల నడుమ ఒక విడిది గది. బయట గాలి, బురద, కటిక చీకటి. లోపల తడిసిన సాక్సులు ఆరబెట్టిన వాసన. తలుపు తోసుకుని వచ్చిన ముప్పై అయిదేళ్ళ ఆవిడ నుదుటి మీది దీపం ఆర్పి, కుర్చీలో కూలబడింది. పెట్టిన తిండి అందుకుంది. నిర్వాహకులు ముందే చేరవేసిన సామాను సంచిలోంచి పొడిబట్టలు, బ్యాటరీలు తీసింది. వాటితో పాటు ఇంకో వస్తువు కూడా తీసింది. బ్రెస్ట్ పంపు.

ఇంటి దగ్గర 14 నెలల పాప. ఇంకా తల్లిపాలు మానలేదు. అమ్మ నాలుగు రోజులు కనిపించకపోయినా తండ్రి దగ్గర పాపకు ఎలాగో గడిచిపోతుంది. తల్లి ఒంటికి మాత్రం ఆ సర్దుబాటు తెలియదు. అది తన మానాన తాను పాలు తయారుచేస్తూనే ఉంటుంది. తీసేయకపోతే రొమ్ములు బిగిసి గడ్డకడతాయి. ఆ వెనకే జ్వరం. ఆ జ్వరంతో కొండలు ఎక్కడం కల్ల. అందుకని జాస్మిన్ పారిస్ విడిదుల్లో తింటూనే పాలు తీసుకుంది, కాస్త కన్ను మూసింది, మళ్ళీ తడి బూట్లలో కాళ్ళు దూర్చి చీకట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పందెం పేరు స్పైన్ రేస్. డెర్బీషైర్‌లోని ఈడేల్ ఊరి నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాటాక వచ్చే కిర్క్ యెథోమ్ దాకా 268 మైళ్ళు, అంటే 431 కిలోమీటర్లు. పెన్నైన్ వే అనే పాత కాలిబాట మీదుగా సాగుతుంది. జనవరిలో అక్కడ పగలు ఎనిమిది గంటలే, మిగతా పదహారూ రాత్రే. మధ్యలో నిద్రపోయినా, కాళ్ళకు కట్టు కట్టించుకున్నా, దారి తప్పినా గడియారం మాత్రం ఆగదు. ఎప్పుడు ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్నది పరుగెత్తేవాళ్ళే తేల్చుకోవాలి.

ఈ గది సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. అయిదేళ్ళ తర్వాత అమెరికాలోని ఒక అడవిలో ఇదే మనిషి 60 గంటల గడువులో కేవలం 99 సెకన్లు మిగిల్చి గేటు తాకింది. అప్పటిదాకా ఏ స్త్రీకీ సాధ్యపడని పని అది. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. చూసినవాళ్ళందరూ చివరి పరుగును మెచ్చుకున్నారు. నన్ను మాత్రం ఆ 99 సెకన్లు వదలలేదు. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? చివరి మలుపులో కాళ్ళు తెచ్చిపెట్టినవి కావవి. తెల్లవారకముందు వేళల్లో, ఇలాంటి విడిది గదుల్లో, ఏళ్ళ తరబడి ఆమె కూడబెట్టినవని నా నమ్మకం.

*

జాస్మిన్ పుట్టింది 1983లో, మాంచెస్టర్‌లో. పెరిగింది డెర్బీషైర్‌లోని హాడ్‌ఫీల్డ్‌లో. పెన్నైన్ వే ఆ ఊరికి దగ్గర్లోనే కొండల మీదుగా పోతుంది. అయినా చిన్నప్పటి నుంచీ పతకాల కోసం తయారుచేసిన క్రీడాకారిణి కాదు. పశువైద్యం చదివి, ఉద్యోగంలో చేరాకే పందేలకు వచ్చింది. ఆ ప్రాంతంలో కొండల మీద, గుర్తులు లేని దారుల్లో, మ్యాప్ చూసుకుంటూ పరుగెత్తే ఆట ఒకటి ఉంది. ఫెల్ రన్నింగ్ అంటారు. దానికి ప్రేక్షకుల గ్యాలరీలుండవు, పెద్ద బహుమతులుండవు. పందెం అయ్యాక టీ, కేకు. ఆమెకు ఆ ఆట నచ్చింది.

2016 నాటికి బ్రిటన్ కొండల్లో ఆమె పేరు మోగిపోయింది. ఆ దేశంలో కొండపరుగు వాళ్ళు ప్రాణంగా చూసుకునే సుదీర్ఘ చుట్లు మూడున్నాయి. లేక్ డిస్ట్రిక్ట్‌లోని బాబ్ గ్రాహం చుట్టులో 42 శిఖరాలు. వేల్స్‌లో ప్యాడీ బక్లీ. స్కాట్లండ్‌లో రామ్సే. ఒక్కోదాన్ని 24 గంటల్లో పూర్తిచేస్తే చాలు, జన్మ ధన్యమనుకుంటారు. ఆమె ఒక్క ఏడాదిలో మూడింటినీ చుట్టేసింది. బాబ్ గ్రాహం 15 గంటల 24 నిమిషాలు. రామ్సేని 16 గంటల 14 నిమిషాల లోపే ముగించింది. మగవాళ్ళతో సహా అప్పటిదాకా ఎవరూ అంత త్వరగా దాన్ని పూర్తి చేయలేదు.

ఆ తర్వాత పాప పుట్టింది. ఉద్యోగం ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పశువైద్య కళాశాలలో. ఒకపక్క లుకేమియా మీద పీహెచ్‌డీ, థీసిస్ గడువు దగ్గరపడింది. భర్త కాన్రాడ్ కూడా కొండల్లో పరుగెత్తేవాడే. ఇంట్లో పసిపిల్ల ఉన్నప్పుడు ఇద్దరిలో ఎవరు ఎప్పుడు పరుగుకు వెళ్ళాలన్నది రోజూ తేల్చుకోవాల్సిన విషయం. ఆమె తన వాటాగా తెల్లవారుజామును తీసుకుంది. పాప లేవకముందే, ఊరు నిద్రలో ఉండగానే, నుదుటి దీపంతో కొండకు వెళ్ళి, ఇంట్లో రోజు మొదలయ్యే వేళకు తిరిగి రావడం.

దీర్ఘదూరం పరుగు శిక్షణ అనగానే రోజుకు యాభై కిలోమీటర్లు పరుగెత్తుతారేమో అనుకుంటాం. అలా ఎవరూ చేయరు, చేస్తే ఎముకలు తట్టుకోవు. నెలల తరబడి మితమైన వేగంతో, మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా, దూరం కూడగడతారు. శనివారం పెద్ద పరుగు, ఆ అలసట తీరకముందే ఆదివారం మరో పెద్ద పరుగు. అలిసిన కాళ్ళతో పరుగెత్తడం ఎలాగో కాళ్ళకు తెలియాలి కదా. కొండ పందేలకైతే దూరం కన్నా ఎక్కిన ఎత్తే లెక్క. ఒకే కొండను పట్టుకుని ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. చూసేవాళ్ళకు విసుగు పుడుతుంది.

ఎక్కడం ఊపిరిని పరీక్షిస్తే దిగడం తొడల్ని పరీక్షిస్తుంది. తిరుమల కొండ మెట్లదారిలో ఎక్కినవాళ్ళు అదే దారిలో దిగితే, మర్నాడు మంచం దిగడానికి తొడలు పట్టుకుని మూలుగుతారు. కండరం సాగుతూ బరువు మోస్తున్నప్పుడు దాని పోగులు చిట్లుతాయి. అందుకే ఆ నొప్పి. అలా చిట్లి, మానిన కండరం తర్వాతిసారికి గట్టిపడుతుంది. గంటల తరబడి దిగగల కాళ్ళు కావాలంటే వారం వారం ఆ నొప్పిని కొనితెచ్చుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

కడుపుకూ శిక్షణ ఉంటుంది. పరుగులో రక్తమంతా కాళ్ళకు పరుగెడుతుంది, జీర్ణకోశానికి తగ్గిపోతుంది. తిన్నది అరగదు, వాంతులొస్తాయి. తినకపోతే ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం కొన్ని గంటల్లోనే అయిపోతుంది, కాళ్ళు కదలవు. అందుకని పరుగెత్తుతూనే తినడం, వికారంగా ఉన్నా మింగడం, తిన్నది నిలుపుకోవడం అలవాటు చేసుకోవాలి. వంద మైళ్ళ పందేల్లో కాళ్ళు బాగానే ఉండి కడుపు ఎదురు తిరగడం వల్ల ఆగిపోయినవాళ్ళు లెక్కకు అందరు.

నిద్ర సంగతి చెప్పనక్కర్లేదు. దానికి శిక్షణ ఏమిటని పసిబిడ్డ తల్లిని అడగండి.

*

స్పైన్ రేసులో ఆమెకు గట్టి పోటీదారు స్పెయిన్‌కు చెందిన యూజెని రొసెల్లో సోలె. 2013లో అదే పందెం గెలిచినవాడు. చాలా దూరం ఇద్దరూ అటూ ఇటూగా సాగారు. హార్టన్, హాస్, మిడిల్టన్, ఆల్స్టన్ ఊళ్ళు ఒక్కొక్కటే వెనకబడ్డాయి. దారిలో పెన్నైన్‌లకెల్లా ఎత్తైన క్రాస్ ఫెల్, 893 మీటర్లు. దాని అవతలి వాలులో గ్రెగ్స్ హట్ అనే రాతి గుడిసె. పందెం రోజుల్లో అక్కడ పరుగువాళ్ళకు వేడి నూడుల్స్ వండి పెట్టడం ఆనవాయితీ.

ఎంతసేపు ఆగాలి అన్న ప్రశ్న ఇక్కడే పందెం తేల్చేస్తుంది. విడిదిలో వెచ్చదనం ఉంటుంది. తాగడానికి వేడిగా ఏదో ఒకటి ఉంటుంది. ‘ఇంకో పది నిమిషాలు’ అని మనసు బేరమాడుతుంది. జాస్మిన్ ఆ బేరానికి లొంగలేదు. తిండి, పాలు తీయడం, బట్టలు మార్చడం, కునుకు, అన్నీ ఒకదానిలో ఒకటి కలిపేసింది. 83 గంటల్లో ఆమె నిద్రపోయింది సుమారు మూడు గంటలు.

చివరి రాత్రికి మెదడు తన ఆటలు మొదలుపెట్టింది. ప్రతి బండలోంచీ ఏదో జంతువు బయటికి వస్తున్నట్టు కనిపించేదని, తానేం చేస్తున్నదీ మాటిమాటికీ మరిచిపోయేదాన్నని ఆమె తర్వాత చెప్పింది. నిద్ర లేని మెదడుకు అది మామూలే. కళ్ళు తెరిచే ఉంటాయి, మెదడులో సగం మాత్రం కలలోకి జారిపోతుంది. బండను బండ అని గుర్తు చేసుకుంటూ, మ్యాప్ మళ్ళీ తీసి చూసుకుంటూ, చెవియట్ కొండల మీది గాలిలో ఆమె ముందుకు నడిచింది. వెనక వస్తున్న యూజెని ఒంట్లో వేడి మిగలక, గమ్యం ఇంకా కొద్ది మైళ్ళే ఉందనగా సాయం కోరాల్సి వచ్చింది. అంతటి మాజీ విజేతకే అలా జరిగిందంటే ఆ కొండలు ఎలాంటివో తెలుస్తుంది.

బుధవారం సాయంత్రం ఏడు దాటాక ఆమె కిర్క్ యెథోమ్‌లో గమ్యం గోడను తాకింది. 83 గంటల 12 నిమిషాల 23 సెకన్లు. ఆడవాళ్ళలో మొదటి స్థానం కాదు, మొత్తం పందెంలోనే మొదటి స్థానం. పాత రికార్డు మగవాళ్ళది, 95 గంటల 17 నిమిషాలు. దాన్ని పన్నెండు గంటలు వెనక్కి నెట్టింది. అక్కడ కాన్రాడ్ చంకలో పాపతో నిలబడి ఉన్నాడు.

ఆ వార్త పత్రికల్లో పాల పంపు కథగానే ఎక్కువ తిరిగింది. అందులో తప్పులేదు. అంతకు ముందు ఏడాదే, మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ 170 కిలోమీటర్ల యూటీఎంబీ పందెంలో సోఫీ పవర్ అనే బ్రిటిష్ మహిళ విడిదిలో కూర్చుని మూడు నెలల కొడుక్కి పాలిస్తున్న ఫొటో లోకమంతా చూసింది. గాయమైతే పందెం వాయిదా వేసుకోవచ్చు, గర్భం వస్తే మాత్రం వీల్లేదన్న నిబంధన మీద అప్పుడు గొడవ లేచింది, తర్వాత మార్పులూ వచ్చాయి. తల్లైన స్త్రీకి పరుగులో చోటు కావాలని ఆ ఫొటో అడిగింది. జాస్మిన్ ఆ చోటులోకి వచ్చి, అందరికన్నా ముందు నిలబడింది. నాకు ఈ రెండూ ఒకే కథలోని రెండు అధ్యాయాలుగా కనిపిస్తాయి.

*

ఇక ఆ అడవి.

అమెరికా టెనెసీ రాష్ట్రంలో ఫ్రోజెన్ హెడ్ అనే పార్కు. పక్కనే బ్రషీ మౌంటెన్ పాత జైలు. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన జేమ్స్ ఎర్ల్ రే 1977 జూన్‌లో ఆ జైలు గోడ దూకి పారిపోయాడు. రెండు రోజులకు పైగా తప్పించుకు తిరిగాడు, తీరా దొరికినప్పుడు జైలుకు కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్నాడు. ఆ అడవి అతణ్ణి అంతకన్నా ముందుకు పోనివ్వలేదు. ఈ సంగతి విన్న గ్యారీ కాంట్రెల్ అనే పరుగువీరుడు, అంతసేపట్లో తానైతే వంద మైళ్ళు పోయేవాణ్ణన్నాడు. ఆ మాటే 1986లో పందెమైంది. పేరు బార్క్‌లీ మారథాన్స్. కాంట్రెల్ లాజరస్ లేక్ అనే మారుపేరుతో ప్రసిద్ధుడు, అందరూ లాజ్ అంటారు.

ఇరవై మైళ్ళ చుట్టు ఒకటి. అయిదు చుట్లు తిరగాలి. గడువు 60 గంటలు. లెక్కకు వంద మైళ్ళేగానీ నిజంగా అంతకన్నా చాలా ఎక్కువని తిరిగినవాళ్ళ మాట. ఎక్కిన ఎత్తంతా కూడితే 60,000 అడుగుల పైమాటే, ఎవరెస్టు ఎత్తుకు రెండింతలు. దారికి గుర్తులుండవు. జీపీఎస్ వాడకూడదు. ముందురోజు శిబిరంలో ఒక మ్యాప్ పెడతారు, దాన్ని చూసి తమ కాగితం మీదికి ఎక్కించుకోవాలి. చేతిలో దిక్సూచి, అంతే.

అడవిలో చెట్ల తొర్రల్లో, బండల కింద పుస్తకాలు దాచి ఉంటాయి. పరుగెత్తేవాళ్ళు తమ ఛాతీ మీది నంబరు ఎంతో ఆ నంబరు పేజీని ప్రతి పుస్తకంలోంచీ చింపుకుని తేవాలి. చుట్టు ముగిశాక ఆ పేజీలు లాజ్ చేతిలో పెడితే అతను లెక్క చూస్తాడు. ఒక్కటి తగ్గినా ఆ చుట్టు లేనట్టే. తర్వాతి చుట్టుకు మళ్ళీ కొత్త నంబరు.

పందెం ఎప్పుడు మొదలవుతుందో ఎవరికీ తెలీదు. తనకు తోచిన వేళ లాజ్ శంఖం ఊదుతాడు. గంట తర్వాత అతను సిగరెట్ ముట్టిస్తాడు. అది తుపాకి పేల్చినట్టు లెక్క. శిబిరం దగ్గర దారికి అడ్డంగా ఉన్న పసుపురంగు ఇనుప గేటే ప్రారంభం, అదే గమ్యం. మధ్యలో వదిలేసి వచ్చినవాళ్ళ కోసం బ్యూగిల్ మీద, సైనికుల అంత్యక్రియల్లో వాయించే రాగం వాయిస్తారు. ప్రవేశ రుసుము ఒక డాలరు 60 సెంట్లు. కొత్తగా వచ్చేవాళ్ళు తమ ఊరి వాహనం నంబరు ప్లేటు ఒకటి తెచ్చి ఇవ్వాలి. ఎంపికైనవాళ్ళకు లాజ్ పంపేది అభినందన లేఖ కాదు, సానుభూతి లేఖ.

ఇదంతా వేళాకోళంలా కనిపించవచ్చు. నాకు మాత్రం ఇందులో ఒక న్యాయం కనిపిస్తుంది. డబ్బుతో కొనగల సౌకర్యాలన్నీ ఇక్కడ తీసేశారు. ఖరీదైన వాచీ దారి చూపదు, సహాయక బృందం అడవిలోకి రాదు. మనిషికి ఏం తెలుసో, ఎంత ఓర్పుందో, అదే మిగులుతుంది. 1995లో బ్రిటన్‌కు చెందిన మార్క్ విలియమ్స్ మొదటిసారి అయిదు చుట్లూ ముగించేదాకా అది అసాధ్యమే అనుకున్నారు. 2017లో కెనడాకు చెందిన గ్యారీ రాబిన్స్ దారి తప్పి, రెండు మైళ్ళు తగ్గి, గేటుకు తప్పుడు వైపు నుంచి వచ్చాడు. అదీ గడువు దాటిన ఆరు సెకన్లకు. ఆడవాళ్ళు ఈ పందెం పూర్తి చేయలేరని లాజ్ పైకే చెప్పేవాడు. ముప్పై ఏళ్ళకు పైగా అడవి ఆ మాటను కాదనలేదు.

*

జాస్మిన్ మొదటిసారి ఆ గేటు దగ్గరకు వెళ్ళింది 2022లో. అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి. మూడు చుట్లు ముగించింది. మూడు చుట్లకు అక్కడ ‘సరదా పరుగు’ అని పేరు. 2023లో నాలుగో చుట్టుకు బయలుదేరింది. 2001లో స్యూ జాన్‌స్టన్ తర్వాత నాలుగో చుట్టు మొదలుపెట్టిన స్త్రీ ఆమే. గడువులోపల మాత్రం రాలేకపోయింది.

బయటివాళ్ళకు అవి రెండు ఓటములు. ఆ పందెం తెలిసినవాళ్ళకు అది చదువు. ఏ లోయ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ వాలు దిగితే పుస్తకం చేతికి తగులుతుందో, పొగమంచులో ఏ గట్టు మోసం చేస్తుందో కాళ్ళకు తెలిసేది తిరిగితేనే. రాత్రివేళ ఆ అడవిలో ఒక్క తప్పు మలుపు గంటను మింగేస్తుంది. గంటకు నాలుగు కిలోమీటర్లు పోయే మనిషికి వేగం పెంచుకోవడం కన్నా దారి తప్పకపోవడమే పెద్ద లాభం. ఇంటికి వచ్చి ఆమె మళ్ళీ తన తెల్లవారుజాముల్లో, తన కొండ మీద, ఎక్కడం దిగడం మొదలుపెట్టింది. ఉద్యోగం, బడి, వంట తమ వేళల్లో తాము సాగాయి.

2024 మార్చి 20, బుధవారం. తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు శంఖం మోగింది. 5 గంటల 17 నిమిషాలకు సిగరెట్ వెలిగింది. నలభై మంది చీకట్లోకి నడిచారు.

ర్యాట్ జా అని ఒక వాలుంది. కరెంటు తీగల కింద చెట్లు నరికిన చోట, నిట్టనిలువుగా. నేలంతా రంపపు పళ్ళ లాంటి ముళ్ళతీగ. ఒక చెయ్యి పట్టు కోసం తీగను పట్టుకుంటుంది, తీగ అరచేతిని పట్టుకుంటుంది. జారితే పిక్కల మీద గీతలు, మళ్ళీ ఎక్కితే ఆ గీతల మీద గీతలు. దాని కింద పాత జైలు. జైలు అడుగున నీళ్ళు పారే సొరంగం, దానిలోంచి కూడా దారి. ఒకసారి దాటితే కథగా చెప్పుకోవచ్చు. అయిదుసార్లు దాటాలి. అదీ ఒకసారి ఎండలో, ఒకసారి చీకట్లో, ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి.

మొదటి రాత్రి గడిచింది. గేటు దగ్గర బ్యూగిల్ మోగుతూనే ఉంది. రెండో రాత్రీ గడిచింది. చుట్టుకూ చుట్టుకూ మధ్య గేటు దగ్గర దొరికే కొద్ది నిమిషాల్లోనే పేజీలు అప్పజెప్పాలి, తినాలి, సాక్సులు మార్చాలి, కొత్త నంబరు తీసుకోవాలి. పెన్నైన్ విడిదుల్లో పాలు తీస్తూ, తింటూ, బ్యాటరీ మారుస్తూ ఆమె చేతులు నేర్చుకున్న పొదుపు ఇదే. అయిదో చుట్టుకు వెళ్ళాలంటే 48 గంటల లోపల బయలుదేరాలి. శుక్రవారం తెల్లవారకముందే ఏడుగురు ఆ గేటు దాటి వెళ్ళారు. ఒకే ఏడాది అంతమంది అయిదో చుట్టుకు వెళ్ళడం అదే మొదలు. ఏడుగురిలో ఆమె ఒకతె.

ఆ రోజు మధ్యాహ్నం గేటు దగ్గర జనం గడియారాలు చూసుకుంటున్నారు. 58 గంటల 44 నిమిషాలకు ఈహోర్ వేరిస్ వచ్చాడు, ఉక్రెయిన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడినవాడు. 59 గంటల 15 నిమిషాలకు జాన్ కెల్లీ, ఆ కొండల పక్కనే పెరిగిన మనిషి. మరో పావుగంటకు జారెడ్ క్యాంప్‌బెల్, అతనికిది నాలుగో విజయం. 59 గంటల 38 నిమిషాలకు న్యూజిలాండ్‌కు చెందిన గ్రెగ్ హామిల్టన్.

ఆ తర్వాత దారి ఖాళీ.

అయిదు నిమిషాలు. పది. పదిహేను. రెండు రాత్రుల నిద్రలేమి తర్వాత కొండ మీద ఉన్న మనిషికి టైము ఎంతయిందో తెలుస్తూనే ఉంటుంది. శిబిరానికి చేరే చివరి రోడ్డు మీద ఆమె నడవలేదు, పరుగెత్తింది. ఒంట్లో ప్రతి నరమూ ఆగమని అరుస్తోందని ఆమె తర్వాత చెప్పింది. ఆగితే ఇంకో ఏడాది ఇదంతా మళ్ళీ చేయాలన్న సంగతీ ఆమెకు తెలుసు. అరవై గంటలు జాగ్రత్తగా పొదుపు చేసిన శక్తిలో అడుగున ఏం మిగిలిందో అదంతా ఆ రోడ్డు మీద ఖర్చు పెట్టింది. జనం కేకలు మొదలయ్యాయి. మలుపు తిరిగి, మెడ వంచి, నోరు తెరిచి, అడుగు తీసి అడుగు వేయడమే తప్ప మరేదీ లేని ముఖంతో వచ్చింది. రెండు చేతులూ గేటు మీద పడ్డాయి. తల ఇనుప కడ్డీకి ఆనింది. ఆ వెంటనే నేల మీదికి జారిపోయి, మోకాళ్ళు ముడుచుకుని, గాలి కోసం ఎగబీల్చింది. కాళ్ళ నిండా ముళ్ళ గీతలు.

59 గంటల 58 నిమిషాల 21 సెకన్లు.

గేటు తాకితే పందెం అయిపోయినట్టు కాదు. పేజీలు లెక్క పెట్టాలి. ఆ అడవి ఆడవాళ్ళను పోనివ్వదని అన్న మనిషి పెట్టిన పందెంలో ఆమె తెచ్చిన పేజీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. ఒక్కటీ తగ్గలేదు. అంతకు ముందు ఆ పందెం పూర్తి చేసిన మగవాళ్ళు, ఆ ఏడాది వాళ్ళతో కలిపి, పంతొమ్మిది మంది. ఆమె ఇరవయ్యో మనిషి, మొదటి స్త్రీ.

ఆ రోజు వచ్చినవాళ్ళలో ఆమెది చిట్టచివరి స్థానం. అయినా పత్రికలకెక్కింది ఆమె ఫొటోయే. ఇది తన కోసమే చేశానని, అయితే దీన్ని చూసి ప్రపంచంలో ఆడవాళ్ళు కొందరికి ధైర్యం కలిగితే సంతోషమని ఆమె చెప్పింది. నాకు ఆ మాటల వరస నచ్చింది. ముందు తన కోసం, తర్వాత మిగతావాళ్ళ కోసం. పిల్లల కోసం, ఇంటి కోసం అంటూ తన సంగతి ఎప్పుడూ చివర పెట్టుకునే మన ఆడవాళ్ళు తెల్లవారుజామున ఒక గంట తమ పేర రాసుకోవడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. ఆ గంటలో పరుగెత్తాలనేం లేదు. కొండ లేకపోతే మేడమెట్లు చాలు, పుస్తకమైనా చాలు.

2025 మార్చిలో ఫ్రోజెన్ హెడ్‌లో మళ్ళీ శంఖం ఊదారు. దారి ఇంకా కఠినం చేశారు. ఆ ఏడాది అయిదు చుట్లూ ఎవరూ పూర్తి చేయలేకపోయారు. మూడు చుట్లు ముగించగలిగింది జాన్ కెల్లీ ఒక్కడే.